పద్దులో పేరు, నోట్లో కథ



మాస్టారి పేర పెట్టిన ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలిచినప్పుడు, "నాన్నగారికి ఇష్టమైన విషయం మీదే మాట్లాడండి" అన్నారు ఆయన పిల్లలు. మాస్టారికి ఇష్టం ఒకటే, ఎవరింట్లో అటక మీద ఏముందో చూడటం. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక సర్కారుకు అప్పజెప్పాల్సినవి అప్పజెప్పి, మిగిలిన సొంత కట్టలను చాలామంది చిత్తుకాగితాల బేరానికి తూకం వేసి ఇచ్చేశారు. మాస్టారు సైకిల్ మీద ఊరూరా తిరిగి అంతకు పావలా ఎక్కువిచ్చి వాటిని కొనుక్కొచ్చేవారు. ఆయన ఇంట్లో వాళ్లకు అదో పెద్ద బెడద. ఈ సంగతి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నారు గానీ, ఆ రోజుల్లో నవ్వినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఈ మధ్య వంశవృక్షాల మీద మోజు బాగా పెరిగింది. విదేశంలో ఉన్న మనవడు ఫోన్ చేసి ముత్తాత పేరు అడుగుతాడు. వారం తిరక్కుండా కంప్యూటర్లో చెట్టు మొలుస్తుంది. ఫ్రేము కట్టించి గృహప్రవేశం నాడు హాల్లో తగిలిస్తారు. మంచిదే, కాదనను. కానీ ఎవరు ఎవరి కొడుకో తెలిస్తే తద్దినానికి సరిపోతుంది, మనిషి తెలియడానికి చాలదు. ఆయన ఏం తిని బతికాడు, ఎవరికి బాకీ పడ్డాడు, ఎందుకు ఊరొదిలాడు, ఎవరితో మాట్లాడటం మానేశాడు? ఇవేవీ చెట్టు కొమ్మల మీద ఉండవు.

అసలు మన ఇళ్లలో జ్ఞాపకానికి ఒక హద్దు ఉంది. పితృకార్యంలో తండ్రి, తాత, ముత్తాత. అటువైపు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ మూడు తరాలే. ఆ పైవాళ్లు పేరు లేని పెద్దల్లో కలిసిపోతారు. ఈ మాత్రం ఏర్పాటైనా అన్ని కులాలకూ ఒక్క తీరున లేదు. చాలా కులాలకు ఆ పని చేసిపెట్టడానికి వేరే మనుషులు ఉండేవారు. రెడ్ల, కాపుల గోత్రాలూ ఇంటిపేర్లూ పిచ్చుకగుంట్లవారి నోట్లో ఉండేవి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు. వీళ్లలో కొందరు చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి, రాత్రంతా కులపురాణం పాడి, ఫలానా ఇంటిపేరువాళ్లు ఫలానా ఊరినుంచి వచ్చారని చెప్పి, తమ వాటా తీసుకుని వెళ్లేవారు. పిచ్చుకగుంట్లవారికి తర్వాత ప్రభుత్వం వంశరాజ్ అన్న పేరు ఖాయం చేసింది. పేరు వచ్చింది గాని, ఆ వంశాలు చెప్పించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు మీ ఊరికి వాళ్లెవరైనా వస్తే ఒక పూట కూర్చోబెట్టి, వాళ్లు అడిగినంత ఇచ్చి, చెప్పింది మొత్తం రికార్డు చేయండి. అందులో పొగడ్త పాలు ఎక్కువే ఉంటుంది. కానీ మీ వాళ్లు వలస వచ్చిన దారిలోని ఊళ్ల పేర్లు మరెక్కడా దొరకవు.

ఇక కాగితాల సంగతి. మన పూర్వీకుల గురించి కాగితం మీద పెట్టినవాళ్లలో వాళ్ల మీద ప్రేమతో రాసినవాడు దాదాపు ఎవడూ లేడు. పన్ను వసూలు చేసేవాడు రాశాడు, అప్పిచ్చినవాడు రాశాడు, కూలీలను ఓడ ఎక్కించినవాడు రాశాడు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తుల్లో కూడా, ఊరు ఎవరు కట్టించారు, కరణీకం మిరాశీ ఎవరిది, మాన్యం ఎవరిచ్చారు అన్నవే ముఖ్యం. అందుకని ఏ కాగితం పట్టుకున్నా ముందు ఒకటి అడగాలి: దీన్ని రాసినవాడికి మా తాతతో ఏం పని పడింది?

కోస్తా, రాయలసీమ వాళ్లకు ఈ కాగితాల్లో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా విలువైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, పన్ను లేకుండా అనుభవిస్తున్న ప్రతి మాన్యానికీ హక్కు ఏమిటో తేల్చమంది. ఉద్దేశం ఖజానా నింపుకోవడమే. కానీ ఆ పనిమీద వచ్చినవాళ్లు వేసిన ప్రశ్నలు చూడండి. మాన్యం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట పుచ్చుకున్నవాడి పేరేమిటి, ఇప్పుడు అనుభవించేవాడెవరు, వయసెంత, మొదటివాడికి ఇతను ఏమవుతాడు, వారసులెవరు. 1860లో వయసు నలభై అయిదు అని రాసి ఉంటే ఆయన 1815 ప్రాంతంలో పుట్టాడన్నమాట. మొదట పుచ్చుకున్నవాడు ఆయనకు ముత్తాత అయితే మీరు ఒక్క వరుసలో పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగానికి వెళ్లిపోయినట్టే. ఇది వేదం చదివిన ఇళ్ల సొత్తే అనుకోకండి. మంగలి మాన్యం, చాకలి మాన్యం, కమ్మరి, వడ్రంగి, గుడి ముందు సన్నాయి ఊదేవాడి మాన్యం అన్నీ ఉంటాయి. గుడిసేవ చేసిన ఆడవాళ్ల మాన్యాల దగ్గర హక్కుదారుగా స్త్రీ పేరే కనిపిస్తుంది. మగవాడి వెనక భార్యగానో కూతురుగానో కాకుండా, తన పేరున తానే.

తర్వాత దస్తావేజులు. పాత క్రయ దస్తావేజు చేతికిస్తే అందరూ ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎంతకు అన్నవే చూస్తారు. నేను మొదట చెక్కుబందీ చూస్తాను. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరిది, పడమర డొంక, ఉత్తరాన బావి. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఆ హద్దుల్లో మీరు ఎన్నడూ వినని పినతాత ఒకరు దొరుకుతారు. తర్వాత కింద సంతకాలు చూస్తాను. ఎవరు వ్రాలు చేశారు, ఎవరు నిశాని పెట్టారు, సాక్షులెవరు. ఆడవాళ్ల పేర్లు ఎక్కువగా మూడు చోట్ల తగులుతాయి. పసుపుకుంకుమల కింద పుట్టింటివారు పొలం రాసిచ్చినప్పుడు, భర్త పోయాక మనోవర్తి ఏర్పాటు చేసినప్పుడు, దత్తత తీసుకున్నప్పుడు. అంటే ఆవిడ పెళ్లికూతురిగా ఒకసారి, విధవరాలిగా ఒకసారి మనకు కనబడుతుంది. నడుమ ఆమె బతికిన ముప్పై, నలభై ఏళ్లకు రిజిస్ట్రారు ఆఫీసుకు ఆమెతో పనిలేదు.

తెలంగాణ వాళ్ల దారి వేరు. అక్కడ సేత్వార్, పహాణీలు అనే భూమి లెక్కలు, అవి కూడా పాతవైతే ఉర్దూలో. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు సాగులో ఉన్నదెవరో కూడా రాశారు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లు తయారయ్యాయి. పట్టా ఎన్నడూ ఎరగని ఇంట్లో తాత పేరు మొదటిసారి కాగితమెక్కింది చాలాసార్లు అక్కడే. దొరగారి పేరు పక్క గడిలో.

సంవత్సరాల లెక్క తెలియకపోతే ఇవన్నీ తారుమారవుతాయి. రెవెన్యూ కాగితాల్లోని ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1286 అంటే 1876-77. ప్రభవ, విభవలతో చిక్కేమిటంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. దానికి మందు పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. నందన కరువు అంటే 1832-33, గుంటూరు సీమను తినేసిన డొక్కల కరువు. ధాత కరువు అంటే 1876. బందరు ఉప్పెన 1864 నవంబరు 1. మూసీ వరద 1908 సెప్టెంబరు 28. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. తెలంగాణ వైపు వెళితే రజాకార్ల కాలం, పోలీసు చర్య. "ఎప్పుడు పుట్టావు మామ్మా?" అంటే ఏ ముసలమ్మా చెప్పలేదు. "ఉప్పెన నాటికి మీ పెద్దాడు నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా?" అంటే ఠక్కున చెబుతుంది. బడి సర్టిఫికెట్టును మాత్రం నమ్మకండి. మా తరంలో సగం మంది జులై 1న పుట్టామంటే అది హెడ్మాస్టరుగారి చలవ.

ముసలివాళ్లను అడగటం గురించి ఇంకొక్క మాట. ఫోను మొహం మీద పెట్టి "మన వంశం గురించి చెప్పండి" అంటే వాళ్లు ఉపన్యాసం ఇస్తారు, నాలాగే. చేతికి ఏదో పనిచ్చి, చిక్కుడుకాయలు ఈనె తీస్తుండగా అడగండి. "మీ ఇంట్లో ముందు ఎవరు తినేవారు, ఆఖరున ఎవరు తినేవారు?" అని నేను తప్పకుండా అడుగుతాను. ఇంట్లో ఎవరి మాట చెల్లేదో, ఎవరు ఎవరి దయ మీద బతికేవారో, ఏ కోడలికి ఏం మిగిలేదో మొత్తం ఆ జవాబులో వచ్చేస్తుంది.

ఇప్పుడు మా ఇంటి కాగితమే ఒకటి మీ ముందు పెడతాను. మాది ఒంగోలుకు ఎగువన మెట్ట ఊరు. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఏమిటంటే, ధాత కరువులో మా తాతగారి తాత పాతరలు తీసి ఊరందరికీ జొన్నలు పంచాడు, అలా పంచి పంచి ఆస్తి పోగొట్టుకున్నాడు. పెళ్లిళ్లలో, బారసాలల్లో ఈ కథ విని పెరిగాం. మా దరిద్రానికి కూడా ఒక గౌరవం ఇచ్చిన కథ అది.

మా పెద్దనాన్నగారు పోయాక ఆయన భోషాణంలో ఎర్ర గుడ్డ చుట్టిన కట్ట ఒకటి దొరికింది. అందులో తనఖా దస్తావేజు ఒకటి ఉంది. సంవత్సరం యువ, అంటే 1875-76, కరువుకు ముందటి ఏడు. పాతర తీయకముందే మాగాణి తనఖాకు వెళ్లిపోయింది. కారణం దస్తావేజులోనే ఉంది, ఆడపిల్ల పెళ్లి ఖర్చులు, పాత బాకీ. దాని కింద పొడుగాటి పద్దుల పుస్తకం. ధాత సంవత్సరపు పేజీల్లో జొన్నలు కొలిచిన లెక్క ఉంది. ఒక్కో వరుసలో మనిషి పేరు, పేట, ఎన్ని కుంచాలు తీసుకున్నాడు, కళ్లాల నాటికి ఎన్ని ఇవ్వాలి. ఇవ్వాల్సింది తీసుకున్నదానికి ఒకటిన్నర వంతు. పంచింది నిజమే, వడ్డీకి.

మా పిన్ని ఆ పుస్తకం మూసేయమంది. ఇంట్లో కుర్రవాళ్లేమో కథంతా అబద్ధమని తేల్చేశారు. నాకు రెండూ తొందరపాటే అనిపించింది. ఎందుకంటే కొన్ని పేర్ల ఎదుట వసూలు గడి ఖాళీగా ఉంది. కొట్టివేత లేదు, చెల్లు అన్న మాట లేదు, బాకీ మరుసటి ఏటికి ఎత్తిరాసినట్టూ లేదు. వదిలేశాడా? లేక అడగడానికి ఆ మనిషి లేకుండా పోయాడా? కరువు సంవత్సరంలో ఖాళీ గడికి ఈ రెండు అర్థాలూ ఉంటాయి. పుస్తకం రాసినవాడికి ఆ తేడా తెలుసు కాబట్టి రాయనక్కరలేకపోయింది. ఇంటి చరిత్ర రాయడమంటే నా దృష్టిలో ఇదే. కథ పరువు కోసం చెప్పింది, కాగితం బాకీ కోసం రాసింది. రెండూ కలిసిన చోట మనకు కొత్తగా తెలిసేది తక్కువ. కలవని చోట ఆగి వెతకాలి.

వెతకడానికి నేను మా ఊరి పల్లెకు వెళ్లాను. పద్దులో ఉన్న పేర్లలో ఎక్కువ అక్కడివే. ఆ పేర్లలో ఒకటి పెట్టుకున్న పెద్దాయన ఒకరు వేపచెట్టు కింద మంచం వాల్చి కూర్చోబెట్టారు. జొన్నల మాట ఎత్తగానే ఆయన, "మీ పెద్దలు కొలిచారు బాబూ, కాదన్ను. ఆ జొన్నల కిందే మావోడొకడు మీ ఇంట పాలేరుగా కుదిరాడు. కొడుకు కూడా చేశాడు. అతగాడి తమ్ముడు మాత్రం కాలవ పనికి పోయాడు," అన్నారు. కాలవ అంటే బకింగ్‌హాం కాలవ. ఆ కరువులో ఒంగోలు మిషన్ దొర జాన్ క్లౌ కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పనిచ్చాడు. కరువు తీరాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెద్దాయన చెప్పిన తమ్ముడి పేరు వాళ్ల సంఘం పాత పుస్తకంలో ఉంది. తండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. అన్న పేరు మా పద్దులో, ఖాళీ గడి ఎదుట. బాకీ జొన్నల్లో తీరలేదు, మనిషిలో తీరింది. మా ఇంటి కథకు మిగతా సగం వాళ్లింట్లో ఉందని వాళ్లకు ముందునుంచీ తెలుసు. మాకే తెలియదు.

రెండు కుటుంబాల కథనూ ఇప్పుడు ఒకే పుస్తకంలో పెట్టాం. అచ్చుకు ముందు పిన్నికి చదివి వినిపించాను. ఒప్పుకోలేదు, వద్దని కూడా అనలేదు.

ఊళ్లో ఏ కాగితంలోనూ దొరకనివాళ్లు కొన్నిసార్లు సముద్రం అవతల దొరుకుతారు. మద్రాసునుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన ఒప్పందపు కూలీలు 1,52,184 మంది. ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తులు అవి. ఈనాడు ముని మనవలకు ముత్తవ్వ మోచేతి మీద మచ్చ ఉండేదని తెలిసేది ఆ వరుసలోనే. ఇంటిపేర్లు మాత్రం ఓడ ఎక్కినప్పుడే రాలిపోయాయి. మనిషి పేరే ఇంటిపేరై కూర్చుంది. దక్షిణాఫ్రికాలో అప్పలసామి అన్న ఇంటిపేరు వింటే నా మనసు తిన్నగా సింహాచలం మెట్ల మీదికి పోతుంది. ఆ పేరు పెట్టుకునే సీమ అదే మరి. మారిషస్ వెళ్లినవారి కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. రంగూన్ వెళ్లినవాళ్ల సంగతి చెప్పాలంటే మరో సభ కావాలి. 1942లో యుద్ధం వచ్చి అక్కడినుంచి అడవుల్లో నడిచి వచ్చినవాళ్లు కాగితాలేం తెచ్చుకుంటారు?

ఇంటిపేరును పట్టుకుని పోయేవాళ్లకు ఒక హెచ్చరిక. దత్తతతో అది మారిపోతుంది. పూడిపెద్ది వారి ఇంటి శ్రీశ్రీ శ్రీరంగం శ్రీనివాసరావు అయింది అలాగే. ఆయన పుట్టినరోజుకు కూడా రెండు తేదీలు ప్రచారంలో ఉన్నాయి. మహాకవి విషయంలోనే ఇలా ఉంటే మన తాతల మాటేమిటి? ఆడవాళ్లకైతే పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, కొన్ని ఇళ్లలో పేరే మారుతుంది. అందుకే ప్రతి స్త్రీ పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. సగం చుట్టరికాలు అక్కడే విడివడతాయి.

ఇలాంటి పని తెలుగులో లేదని కాదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల అనుభవాలను వాళ్ల మాటల్లోనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. వై.బి. సత్యనారాయణ తన తండ్రితాతల కథను ఇంగ్లీషులో రాస్తే, అది తెలుగులోకి 'మా నాయన బాలయ్య'గా వచ్చింది. రైల్వేలో చిన్న ఉద్యోగం ఒక దళిత కుటుంబాన్ని ఎంత దూరం తీసుకువెళ్లిందో అందులో చూడవచ్చు. ఈ రెండింటిలో ఏదీ పెద్దల్ని దేవుళ్లను చేయలేదు.

దాచిన సంగతులు బయటపడితే ఏం చేయాలని అడుగుతుంటారు. రెండో సంసారం, జైలు, పారిపోయిన పిల్ల, పిచ్చాసుపత్రి. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. నా పద్ధతి సూటిగా చెబుతాను. పోయినవాళ్ల పరువు కోసం అబద్ధం రాయను. బతికున్నవాళ్లను నొప్పించే సంగతిని వాళ్ల అనుమతి లేకుండా అచ్చు వేయను, కానీ రాసి కవర్లో పెట్టి, ఎవరి తదనంతరం తెరవాలో పైన రాసి ఉంచుతాను. చింపడం మాత్రం చేయను.

కాపాడటం గురించి క్లుప్తంగా. పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి, ఆ వేడికి ఆ జిగురుకు అది మళ్లీ కోలుకోదు. సెల్లోటేపు అంతకన్నా పాపం. ఫొటోల వెనక పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో, ఎడమనుంచి కుడికి ఎవరెవరో రాయండి. పెద్దవాళ్లు ఉండగానే రాయండి, తర్వాత అందరూ "ఎవరో చుట్టాలు" అయిపోతారు. గోడకు ఆనించిన ఇనప బీరువాలో పెడితే చెమ్మ పడుతుంది, పత్తి గుడ్డలో చుట్టి ఏడాదికోసారి నీడన ఆరబెట్టండి. ఫొటో తీసిన కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టం దగ్గర ఉండాలి. మరీ విలువైనవైతే హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పత్ర భాండాగారం లాంటి చోట అడిగి చూడండి. మన పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. అక్కడి పాత పత్రికల్లో మీ ఊరి వార్త ఏదో ఒకటి దొరక్కపోదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. పాత పద్దులన్నీ గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే ఆ రాత చదవగలిగినవాళ్లు నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కించదగినంత మంది, అందరూ డెబ్బై దాటినవాళ్లు. ఉర్దూ పహాణీలు చదివి చెప్పేవాళ్లూ తగ్గిపోతున్నారు. కాగితం భద్రంగా ఉండి చదివేవాడు లేకపోతే అది ఉన్నా లేనట్టే. కాబట్టి ధర్మనిధి పెద్దలను ఒకటి అడుగుతున్నాను. వచ్చే రెండేళ్లు ఉపన్యాసం మానేసి, ఆ వడ్డీ డబ్బుతో నాలుగైదు జిల్లాల కుర్రవాళ్లకు ఆ రాత నేర్పించండి. వక్తలు దొరుకుతూనే ఉంటారు, నాబోటివాళ్లకు కొదవలేదు. ఆ గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. ఇంట్లో చదవడం రాని పద్దులు, దస్తావేజులు ఉన్నవాళ్లు ఎడమవైపు పేజీలో పేరు, ఊరు రాయండి. గొలుసుకట్టో, ఉర్దూనో చదవగలిగినవాళ్లు కుడివైపు పేజీలో రాయండి. వెళ్లేటప్పుడు రెండు పేజీలూ ఒకసారి చూసుకుంటే, మీ పని ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.